తమ్ముడి చావుకు కారణం నా ఫోనా, వాడి తలరాతా?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు తీసేసి, మిగిలింది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 28 ఏళ్లు. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. నాన్న మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమస్తా. అమ్మ ఇంటి దగ్గరే ఉంటుంది. ఒక్కడే తమ్ముడు, 24 ఏళ్లవాడు, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. నాలుగు నెలల కిందట ఈమెకు పెళ్లిచూపులు కుదిరాయి. తెల్లవారితే అబ్బాయి తరఫువాళ్లు వస్తారనగా రాత్రి తొమ్మిదింటికి తమ్ముడికి ఫోన్ చేసింది. "పొద్దున్నే మొదటి బస్సుకు వస్తాలే అక్కా" అన్నాడతను. "నువ్వు పక్కన లేకపోతే భయంగా ఉంటుందిరా, రాత్రికే వచ్చెయ్" అని ఈమె పట్టుబట్టింది. సరేనని బండి తీశాడు. మంగళగిరి దాటాక, కాజ దగ్గర హైవే పక్కన లైట్లు, ఇండికేటర్లు ఏమీ లేకుండా ఆపి ఉన్న లారీని వెనకనుంచి గుద్దాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

ఇప్పుడు ఆ ఇంట్లో నలుగురు నాలుగు మాటలు అంటున్నారు. నాన్న "వాడికి భూమ్మీద నూకలు చెల్లాయి, అంతే" అంటారు. పోలీసులు కేసు కట్టారు. నష్టపరిహారానికి దావా వేయమని తెలిసిన వకీలు ఒకాయన చెప్పారు. "కొడుకు శవాన్ని అమ్ముకుని తింటామా? రాసిపెట్టి ఉంది, జరిగింది" అని నాన్న ఆ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశారు. పదేళ్లుగా వాడుతున్న షుగర్ బిళ్లలు కూడా మానేశారు. అడిగితే "ఉండాలని రాసి ఉంటే ఉంటాను" అంటున్నారు. తమ్ముడి చిన్నప్పుడు ఒక సిద్ధాంతి ఇరవై నాలుగో ఏట వాహన గండం ఉందన్నారట. ఆ శాంతి చేయించకపోవడం తన పాపమేనని అమ్మ గుండెలు బాదుకుంటోంది. పెద్దమ్మ ఈమె జాతకం ఎవరికో చూపించుకొచ్చింది. మూడో ఇంట్లో కుజుడు ఉన్నాడని, తోడబుట్టినవాణ్ని మింగే జాతకమని, హోమం చేయించకుండా పెళ్లి చేస్తే రేపు మొగుడికీ గండమేనని అంటోంది. ఆ హోమానికి 45 వేలు అవుతుందట. అబ్బాయి వాళ్లు మాత్రం "మీకు వీలైనప్పుడే మాట్లాడుకుందాం, తొందరేం లేదు" అని కబురు పెట్టారు.

ఆఫీసులో స్నేహితురాలు ఒక వీడియో చూపించిందట. మనం అనుకోకముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని, స్వేచ్ఛ అన్నదే భ్రమ అని అందులో చెప్పారు. ఆ తర్వాత ఆమె రాసిన వాక్యాలు యథాతథంగా: "అది నిజమైతే నేను ఫోన్ చేయడం కూడా నా చేతుల్లో లేదు కదా అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పొద్దున్నే లేచాక, అయితే వాడు నా మీద ప్రేమతో బయల్దేరడం కూడా వాడి చేతుల్లో లేదా అనిపించి మళ్లీ ఏడ్చాను. జీవితం ముందే రాసి ఉంటుందా, మనం రాసుకుంటామా? రాసి ఉంటే నా తప్పు లేదు. లేకపోతే నేనే చంపాను. ఏది నిజమో చెప్పండి."

అమ్మా,

మీరు చంపలేదు. ఈ మాట చెప్పడానికి నాకు విధి సాయం అక్కర్లేదు. మీ ఉత్తరం చివర మీరు రెండే దారులు పెట్టుకున్నారు, విధి ఉంటే నిర్దోషి, లేకపోతే హంతకురాలు అని. ఆ రెండింటి మధ్య చాలా చోటు ఉంది. మనుషులందరం బతికేది ఆ చోట్లోనే. అందుకే మీరడిగిన పెద్ద ప్రశ్నకు తర్వాత వస్తాను, ముందు ఆ ఫోన్ సంగతి మాట్లాడుకుందాం.

"నేను ఫోన్ చేయకపోతే బతికేవాడు" అని మీరు ఉత్తరంలో చాలాసార్లు రాశారు. అది నిజం కావచ్చు. కాదని నేననను. ఇప్పటికే పదిమంది మీతో "అలా అనుకోకూడదమ్మా" అని ఉంటారు, దాంతో మీ మనసు కుదుటపడలేదు. అయితే అంతే నిజమైన మాటలు ఇంకా ఉన్నాయి. ఆ లారీ వెనక ఒక్క లైటు వెలుగుతూ ఉంటే బతికేవాడు. డ్రైవరు బండిని హైవే మీద ఆపకుండా పక్కకు దించి ఉంటే బతికేవాడు. ఆ దారిన అంతకుముందు వెళ్లినవాళ్లలో ఒక్కరు పోలీసులకు ఫోన్ చేసి ఉన్నా బతికేవాడేమో. పెళ్లిచూపులు ఒక రోజు అటో ఇటో అయి ఉంటే బతికేవాడు, అప్పుడు ఆ రోజు ఖాయం చేసిన పెద్దలూ హంతకులేనా? ఇన్ని పోగులు కలిస్తేనే ఆ రాత్రి అలా జరిగింది. మీరు అన్నిటినీ వదిలేసి, మీ చేతిలో ఉన్న పోగు ఒక్కటే పట్టుకుని లాగుతున్నారు.

కారణం కావడం వేరు, దోషి కావడం వేరు. దోషం అంటాలంటే తెలిసి ఉండాలి, లేదా తెలుసుకోవలసినది నిర్లక్ష్యం చేసి ఉండాలి. విజయవాడ నుంచి గుంటూరు ముప్పై అయిదు కిలోమీటర్ల చిల్లర దూరం. రోజూ రాత్రిళ్లు వేలమంది బండ్ల మీద తిరిగే రోడ్డు అది. తమ్ముణ్ని రాత్రికే రమ్మనే అక్కలు ఆ రోజు ఈ రెండు ఊళ్లలోనూ ఎంతోమంది ఉండి ఉంటారు. మీ తమ్ముడు పదకొండింటికి ఇంటికి చేరి ఉంటే, మీరిద్దరూ కూర్చుని అన్నం తిని ఉంటే, ఆ ఫోన్ ఎవరికీ గుర్తు కూడా ఉండేది కాదు. మీరు చేసిన పని అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. తర్వాత జరిగినది వెనక్కి వచ్చి దాని మీద నెత్తురు పులిమింది.

మీ ఇంట్లో గీత చదివే అలవాటు ఉందని రాశారు కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. పద్దెనిమిదో అధ్యాయం పద్నాలుగో శ్లోకంలో ఏ పని జరగడానికైనా అయిదు కారణాలు చెబుతారు. పనికి ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. "దైవం చైవాత్ర పంచమమ్" అని ఉంటుంది. దైవాన్ని నమ్మే గ్రంథమే దాన్ని అయిదింటిలో ఒకటిగా, అదీ చివర లెక్కపెట్టింది. మీ నాన్నగారు మిగతా నాలుగూ కొట్టేసి అయిదోది ఒక్కటే ఉంచుకున్నారు. మీరు అయిదూ కొట్టేసి వాటి చోట మీ పేరు రాసుకున్నారు. తర్వాతి రెండు శ్లోకాల్లో ఇంకో మాట ఉంది. ఇన్ని కారణాలుండగా తానొక్కడే కర్తనని అనుకునేవాడు సరిగ్గా చూడనివాడు అని. గర్వంతో అనుకునేవాళ్ల గురించే ఆ మాట చెబుతుంటారు. దుఃఖంతో అనుకునేవాళ్లకూ అది వర్తిస్తుందని నాకు అనిపిస్తుంది.

ఇంకొకటుంది, ఇది మీకు కష్టంగా అనిపించవచ్చు. రమ్మన్నది మీరు, బండి తీసింది అతను. మొదటి బస్సుకే వస్తానని ఇంకోసారి అనగలిగేవాడు. అక్క భయపడుతోంది, పక్కన ఉండాలి అనుకున్నాడు, బయల్దేరాడు. అతని తప్పు అని నేననడం లేదు. అది అతని నిర్ణయం అంటున్నాను. తప్పంతా మీ నెత్తిన వేసుకున్నప్పుడు మీకు తెలియకుండానే ఆ నిర్ణయాన్ని అతని నుంచి లాగేసుకుంటున్నారు. మీరు తాడు లాగితే కదిలే బొమ్మ కాదు మీ తమ్ముడు. వీడియో చూసిన మర్నాడు పొద్దున మీరు ఏడ్చింది ఇందుకే. అతని ప్రేమ అతనిదే కావాలని మీ మనసు కోరుకుంది. అది న్యాయమైన కోరిక. అతని ప్రేమ అతనిదైతే ఆ రాత్రి ప్రయాణంలో ఒక భాగం కూడా అతనిదే.

ఆ వీడియో గురించి రెండు ముక్కలు. అది బహుశా బెంజమిన్ లిబెట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1983లో ప్రచురించిన ప్రయోగం గురించి అయి ఉంటుంది. మనుషుల్ని కూర్చోబెట్టి, మీకు తోచినప్పుడు మణికట్టు కదపండి అన్నారు. కదిపే ఉద్దేశం కలిగినట్టు వాళ్లకు తెలిసింది కదలికకు సెకనులో అయిదో వంతు ముందు. మెదడులో విద్యుత్ సంకేతం మాత్రం దాదాపు అర సెకను ముందే మొదలైంది. అక్కణ్నుంచి "మనం అనుకోకముందే మెదడు నిర్ణయించింది" అన్న మాట పుట్టింది. 2012లో ఆరన్ షర్గర్, ఆయన సహచరులు ఆ సంకేతానికి మరో వివరణ ఇచ్చారు. మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటినప్పుడు చేయి కదులుతుందని, వెనక్కి లెక్కవేసి చూస్తే అది ముందే తీసుకున్న నిర్ణయంలా కనిపిస్తుందని. వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఏదేమైనా, కారణం లేకుండా మణికట్టు కదపడం మీద చేసిన ప్రయోగం అది. పెళ్లి చేసుకోవాలా, దావా వేయాలా, నాన్నతో ఏం మాట్లాడాలి అని మనిషి రోజుల తరబడి తర్జనభర్జన పడేదాన్ని అది కొలవలేదు. దాని మీద మీ తమ్ముడి ప్రేమను తూచకండి.

ఇక మీ పెద్ద ప్రశ్న. ముందే రాసి ఉంటుందా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను, ఒప్పుకోవాలని లేదు. ఏ కడుపున పుడతామో, ఏ ఒంటితో పుడతామో, ఏ కాలంలో, ఏ ఊళ్లో పుడతామో మన చేతిలో లేదు. ఎదుటివాడు ఏం చేస్తాడో కూడా లేదు. వీటన్నిటినీ కలిపి విధి అనేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఇవన్నీ అయ్యాక మిగిలే జానెడు జాగాలో మనం చేసేది కూడా ముందే రాసి ఉందంటే మాత్రం నేను నమ్మను. ఈ వాదన కొత్తది కాదు. బుద్ధుడి కాలంలోనే ఆజీవకులు అనే సన్యాసుల శాఖకు మక్ఖలి గోసాలుడు అనే గురువు ఉండేవాడు. మనిషి ప్రయత్నానికి శక్తే లేదు, అంతా నియతి, అంటే విధి, ప్రకారమే నడుస్తుంది అని బోధించాడు. దారపుండ విసిరితే దారం ఉన్నంతవరకే విప్పుకుంటూ పోయినట్టు, మూర్ఖుడైనా పండితుడైనా తన చుట్లు తాను తిరగాల్సిందే అన్నాడు. బుద్ధుడు ఈ మతాన్ని గట్టిగా ఖండించాడు. అంతా పూర్వకర్మే అనేవాళ్లకూ, అంతా దేవుడి సృష్టే అనేవాళ్లకూ, ఏ కారణమూ లేదనేవాళ్లకూ ఆయన ఒకే ఆక్షేపణ చెప్పాడు. దాన్ని నిజంగా పట్టుకుని కూర్చున్నవాడికి "ఇది చేయాలి, ఇది చేయకూడదు" అనే పూనికే మిగలదు అని. మీ ఊరికి దగ్గరలోని అమరావతిలో స్తూపం కట్టుకుని మనవాళ్లు కొన్ని వందల ఏళ్లు విన్న బోధ ఇది. దీన్ని మీకు చెప్పడానికి కారణం మీ నాన్నగారి షుగర్ బిళ్లలు. పూనిక పోవడమంటే ఏమిటో ఇప్పుడు మీ ఇంట్లోనే చూస్తున్నారు.

మీ ఇంట్లో నలుగురూ రాత అనే ఒకే మాట వాడుతున్నా నాలుగు వేరు పనులకు వాడుతున్నారు. అది విడదీయకుండా ఎవరితో మాట్లాడినా గొడవే అవుతుంది. నాన్నకు అది కట్టు. అమ్మకు అది కొరడా. పెద్దమ్మకు అది వేలు, మీ వైపు చూపే వేలు. మీకు అది కోర్టు తీర్పు.

నాన్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడ గడువు ఉంది. రోడ్డు ప్రమాదాల్లో నష్టపరిహారం కోరే దరఖాస్తును మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో వేస్తారు. 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు పడాలి. ఈ గడువును ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యాలు వెళ్లాయి, కానీ వాటిని నమ్ముకుని మీరు ఆగొద్దు. నాలుగు నెలలు అయిపోయాయి. మీరుండే చోటే, అంటే గుంటూరులోనే వేయవచ్చు.

వేస్తే ఏమవుతుంది? వాయిదాలు ఉంటాయి, ఏళ్లు పట్టవచ్చు. పోస్టుమార్టం రిపోర్టు మళ్లీ మళ్లీ చేతిలోకి వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు లేచి, తప్పు మీ తమ్ముడిదే, వేగంగా వచ్చాడు, చూసుకోకుండా గుద్దాడు అంటాడు. అది వినడానికి సిద్ధపడాలి. ఆ వాదనలో కొంత నిలబడితే సొమ్ములో ఆ మేరకు కోత కూడా పడవచ్చు. వేయకపోతే? ఇంట్లో ఇప్పటికి ప్రశాంతంగా ఉంటుంది. గడువు దాటాక తలుపు మూసుకుపోవచ్చు. ఇంకో నాలుగేళ్లకు నాన్న పని మానేసినప్పుడు, ఆయన మందులకు మీ ఒక్క జీతమే దిక్కైనప్పుడు, ఈ నెలలు గుర్తొస్తాయి.

నాన్నను బలవంతపెట్టకుండా చేసే దారి కూడా ఉంది. కొడుకు పోయిన తల్లిగా మీ అమ్మ పేరుతో దరఖాస్తు వేయవచ్చు. ఆయన కోర్టు మెట్లు ఎక్కనవసరం లేదు. కాకపోతే ఆయనకు తెలియకుండా వేయకండి. తర్వాత తెలిస్తే అది ఇంకో దెబ్బ. "మీరు రావద్దు నాన్నా, సంతకం అమ్మ పెడుతుంది, నేను తిరుగుతాను" అని ముందే చెప్పండి. వకీలు ఫీజు భయం ఉంటే, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడగండి.

శవాన్ని అమ్ముకోవడం అన్న మాటకు మీ దగ్గర జవాబు ఉండాలి. ఆ మాట వెనక ఉన్నది డబ్బు మీద కోపం కాదు, కొడుకుకు ఖరీదు కట్టడాన్ని భరించలేకపోవడం. కోర్టు లెక్క ఎలా వేస్తుందో ఆయనకు చెప్పి చూడండి. పెళ్లికాని కుర్రాడైతే సంపాదనలో మామూలుగా సగం సొంత ఖర్చుల కింద తీసేస్తారు. ముందుముందు పెరిగే సంపాదన కింద కొంత కలుపుతారు. 24 ఏళ్ల వయసుకైతే ఏడాది మొత్తాన్ని 18తో హెచ్చిస్తారు, 2009లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పట్టిక అది. ఇరవై నాలుగేళ్లకే అతని ఆయుష్షు తీరిపోయిందని కోర్టు అనుకోదు. బతకవలసినవాడు, బతికి సంపాదించవలసినవాడు, అమ్మానాన్నల్ని చూసుకోవలసినవాడు అని ఒప్పుకుని, ఆ బతుకును మధ్యలో తెంచిన నిర్లక్ష్యం ఎవరిదో వాళ్ల పేరు రాస్తుంది. నూకలు చెల్లాయి అన్న ప్రతిసారీ ఆ లారీవాడి పేరు చెరిగిపోతోంది. చీకట్లో లైట్లు లేకుండా బండి ఆపినవాడి తప్పును దేవుడి ఖాతాలో రాయడం భక్తి కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఇదంతా చెప్పినా ఆయన వద్దంటే, నిర్ణయం మీ అమ్మది. ఆమెను అడగండి. ఇంతవరకూ ఆమెను ఎవరూ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

బిళ్లల సంగతి దీనికంటే ముఖ్యం. మీ నాన్నగారు యార్డులో ముప్పై ఏళ్లు పనిచేశారని రాశారు. మబ్బు పట్టగానే టిక్కీల (మిర్చి బస్తాల) మీద పట్టాలు కప్పించకుండా, తడవాలని రాసి ఉంటే తడుస్తాయి అని ఏ రోజైనా ఊరుకున్నారా? వాన ఆయన చేతిలో లేదు, పట్టా ఉంది. ఈ తేడా ఆయనకు మనందరికంటే బాగా తెలుసు. కాబట్టి ఇప్పుడు ఆయన నోట వస్తున్నది సిద్ధాంతం కాదు, బతకాలని లేకపోవడం. దాంతో వాదించి లాభం లేదు. పదేళ్ల షుగర్ ఉన్న మనిషి ఉన్నపళంగా మందులు ఆపితే కళ్లు, మూత్రపిండాలు, కాళ్లు, గుండె అన్నిటికీ ప్రమాదం. వారం లోపల రక్తపరీక్ష చేయించండి. మీతో రాకపోతే ఆయన మాట వినే మనిషి, కొట్టు షావుకారో, పాత స్నేహితుడో, వెంట తీసుకెళ్లేలా చూడండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి రానంటే, ముందు మీరే 14416కు ఫోన్ చేసి మాట్లాడండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆయన కోసమని చెప్పినా, మీ నిద్ర గురించి కూడా వాళ్లకు చెప్పండి.

అమ్మ విషయంలో మీకు ఒక చిన్న తర్కం కనిపించి ఉంటుంది. శాంతితో తప్పిపోయేదైతే అది రాసిపెట్టి ఉన్నట్టు కాదు. రాసిపెట్టి ఉంటే శాంతి చేయించకపోవడం తప్పు కాదు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఇంకా చూడండి, అమ్మ చెప్పేది తమ్ముడి జాతకం, పెద్దమ్మ చెప్పేది మీ జాతకం. ఒక్క చావుకు ఇద్దరు ముద్దాయిలు. ఇవన్నీ మీ మనసుకు చెప్పుకోవడానికి పనికొస్తాయి. అమ్మతో మాత్రం ఇలా వాదించకండి. తర్కంలో ఓడిపోయిన తల్లికి దుఃఖం తగ్గదు. ఆమెకు కావలసింది, ఆమె గౌరవించే నోటి నుంచి "నీ పాపం కాదమ్మా" అన్న మాట. మీకు తెలిసిన పెద్ద పురోహితుడు, డబ్బు ఆశ లేనివారు ఉంటే ఆయనతో మాట్లాడించండి. ప్రారబ్ధం అనుభవించి తీరవలసిందే, ఏ శాంతీ దాన్ని పూర్తిగా తుడిచెయ్యదు అని మన పెద్దలు చెప్పే మాటే ఆమెకు చెప్పగలరు. నేను జాతకాలను నమ్మను, అయినా ఈ దారి చెబుతున్నాను. ఆమె నమ్మకంలోనే ఆమెకు విడుదల ఉంది కాబట్టి. ప్రమాదం ఒక్కటే, ఆయన కూడా ఇంకో శాంతి అంటగట్టవచ్చు. మనిషిని చూసుకుని వెళ్లండి.

జాతకాలను ఎందుకు నమ్మనో మీరు అడగలేదు, కానీ కుజుడి మాట మీ గుండెలో గుచ్చుకుని ఉంది కాబట్టి చెబుతాను. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు మహారాష్ట్రలో ఒక పరీక్ష పెట్టారు, దాని ఫలితాలు 2009లో ప్రచురించారు. చదువులో చురుకైన పిల్లల జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి, ఏది ఎవరిదో చెప్పమని జ్యోతిష్కులకు తలా 40 ఇచ్చారు. 27 మంది జవాబులు పంపారు. సగటున సరిపోయినవి 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా సగం సరిపోతాయి. బిడ్డ మనసు ఎదుగుతుందా లేదా అన్నంత పెద్ద సంగతే చక్రంలో కనబడకపోతే, తమ్ముడి ప్రాణం మీ మూడో ఇంట్లో కనబడుతుందా?

హోమం విషయంలో మీ ముందు మూడు దారులు ఉన్నాయి. చేయించను అంటే పెద్దమ్మతో మాటలు పోతాయి, అమ్మ భయం కొన్నాళ్లు పెరుగుతుంది. ఇంట్లో శాంతి కోసమని 45 వేలు పెట్టి చేయిస్తే మాటలు ఆగవచ్చు. కానీ ఆ పీట మీద కూర్చున్న క్షణం, తమ్ముణ్ని మింగినది నేనే అని పదిమంది ముందు ఒప్పుకున్నట్టవుతుంది. రేపు అత్తవారింట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ పీట గుర్తొస్తుంది. మూడోది, అమ్మకు మనసు కుదుటపడాలంటే ముగ్గురూ కలిసి ఇంద్రకీలాద్రి వెళ్లి తమ్ముడి పేరున అర్చన చేయించుకుని రండి. అది దోష పరిహారం కాదు, దుఃఖంలో ఉన్నవాళ్లు అమ్మవారి ముందు నిలబడటం. నేనైతే మూడోది ఎంచుకుంటాను, మీ పరిస్థితి మీకే తెలుసు. పెద్దమ్మ మళ్లీ ఆ మాట అంటే "పెద్దమ్మా, ఆ మాట నా ముందు ఇంకోసారి అనకు" అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. గౌరవం తప్పినట్టు కాదు.

పెళ్లి గురించి ఎక్కువ చెప్పను. సంవత్సరీకాలు అయ్యేదాకా శుభకార్యం వద్దనుకునే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి, మీకూ కొంత వ్యవధి కావాలి. ఆగడం వల్ల పోయేదేమీ నాకు కనబడటం లేదు, ఆ అబ్బాయి ఆగలేకపోవచ్చు అన్నది తప్ప. కానీ "నాకు పెళ్లి వద్దు, ఇదే నా శిక్ష" అన్న వాక్యం మీ ఉత్తరం అయిదో పేజీలో ఉంది. అలా మాత్రం నిర్ణయించుకోకండి. ఇష్టం లేక వద్దనుకోండి, బాధ్యతలు చూసుకుని వద్దనుకోండి, శిక్షగా వద్దు. ముందు ఆ అబ్బాయితో ఒక్కసారి విడిగా మాట్లాడండి. మీ పెద్దమ్మ అన్న మాటలు దాచకుండా చెప్పి, మీరేమంటారు అని అడగండి. అతను తడబడితే ఇప్పుడే తెలుస్తుంది, నిలబడితే అదీ తెలుస్తుంది.

సావిత్రి కథ మీకు తెలుసు. సత్యవంతుడికి ఏడాదే ఆయుష్షు అని నారదుడు చెప్పాడు, వేరే వరుణ్ని చూసుకోమని తండ్రి అడిగాడు. భవిష్యత్తు తెలిసిపోయిన తర్వాత కూడా ఆమె తన ఎంపికను తన దగ్గరే ఉంచుకుంది. నాకు ఆ కథలో యముడితో వాదించిన ఘట్టం కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది. మీ అమ్మ ముందు మాత్రం ఈ కథ ఎత్తకండి. ఆమె దాన్ని మరోలా వింటుంది, సావిత్రి దక్కించుకుంది, నేను దక్కించుకోలేదు అని.

పనుల వరస చెబుతాను. నాన్న రక్తపరీక్ష ఈ వారంలో. దావా కాగితాలు ఈ నెలలో. బీరువా తాళం కోసం గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ నకలు మళ్లీ స్టేషన్‌లో తీసుకోవచ్చు, పోస్టుమార్టం రిపోర్టు నకలుకూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. తమ్ముడికి జీతం బ్యాంకులో పడేదా, చేతికిచ్చేవారా? చేతికైతే షెడ్డు యజమాని దగ్గర జీతం ఇంత అని రాయించుకోండి, వయసు రుజువుకు పదో తరగతి సర్టిఫికెట్ తీసి ఉంచండి. హోమం, పెళ్లి ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు. వకీలు అడిగే కాగితాల్లో ఏదైనా అర్థం కాకపోతే మళ్లీ రాయండి. నాన్న బిళ్ల వేసుకున్నారో లేదో కూడా రాయండి.